ఆయుధాలు లేని కవాతు: సెమ్యోనొవ్‌స్కీ పటాలం వెంట ఏడు రోజులు

మొదటి రోజు: మాస్కో, యౌజా ఒడ్డు

సెమ్యోనొవ్‌స్కయా మెట్రో స్టేషన్లోంచి పైకి వచ్చేసరికి సన్నటి జల్లు పడుతోంది. సెప్టెంబరు మూడో వారం. హైదరాబాదులో విమానం ఎక్కేటప్పుడు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఇక్కడ చేతులు కోటు జేబుల్లోంచి బయటికి రానంటున్నాయి. చుట్టూ ఎత్తయిన భవనాలు, ట్రాములు, ఒక పూల దుకాణం. ఒకప్పుడు ఇక్కడ సెమ్యోనొవ్‌స్కొయె అనే పల్లె ఉండేదని ఈ పేరు తప్ప మరేదీ చెప్పదు. 1944లో స్టేషన్ తెరిచినప్పుడు స్టాలిన్ పేరు పెట్టారు. 1961లో అది తీసేసి పల్లె పేరు పెట్టారు.

నేను వచ్చింది ఆ పల్లె పేరు మోసిన ఒక పటాలం కోసం. మా ఇంట్లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండేవి. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను మా ఊరికి వచ్చిన ప్రతిసారీ నాన్న రెండో మూడో కొనేవారు. పద్నాలుగేళ్ల వయసులో రచయిత దొస్తొయెవ్‌స్కీ జీవితం గురించి చదువుతుంటే 'సెమ్యోనొవ్‌స్కీ కవాతు మైదానం' అన్న మాట కంటబడింది. ఆయనను కాల్చి చంపడానికి నిలబెట్టిన చోటు అది. మరి రోజూ అక్కడ కవాతు చేసేవాళ్లు ఎవరు? ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ముప్ఫై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పి ఉద్యోగ విరమణ చేశాక గానీ దాని వెంట నడిచే తీరిక దొరకలేదు.

జల్లు తగ్గాక యౌజా నది దాకా నడిచాను. నది అనడానికి మనసొప్పనంత సన్నటి ప్రవాహం, రెండు వైపులా రాతి గట్లు. 1683లో, పదకొండేళ్ల పీటర్, తర్వాతి కాలపు మహా పీటర్ చక్రవర్తి, ఈ ఒడ్డునే ప్రెయొబ్రజెన్‌స్కొయె గ్రామంలో తోటి పిల్లల్ని, గుర్రాల సాలల్లో పనిచేసే కుర్రాళ్లను పోగుచేసి యుద్ధం ఆట ఆడేవాడు. ఆ ఆటలో మొట్టమొదట పేరు రాయించుకున్న సెర్గేయ్ బుఖ్వొస్తొవ్‌కు ప్రెయొబ్రజెన్‌స్కయా మెట్రో దగ్గర విగ్రహం ఉంది. 'మొదటి రష్యన్ సైనికుడు' అని గౌరవంగా చెప్పుకుంటారు. కుర్రాళ్లు ఎక్కువై ఆ గ్రామంలో చోటు చాలకపోతే కొందరిని పక్కనే ఉన్న సెమ్యోనొవ్‌స్కొయెకు పంపారు. అలా రెండు పటాలాలు ఏర్పడ్డాయి. రష్యన్లు వాటిని 'పొతేష్నీ' అన్నారు, వేడుక కోసం పెట్టుకున్నవని. వేడుక ఎంత దూరం వెళ్లిందంటే, 1694లో కొజూఖొవొ దగ్గర జరిపిన ఉత్తుత్తి యుద్ధంలో నిజంగానే మనుషులు చనిపోయారు.

ఆట నిజమైంది నార్వాలో. 1700 నవంబరు 19న స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ మంచు తుపానులో దాడి చేసి పీటర్ సైన్యాన్ని చెదరగొట్టాడు. (1918కి ముందు తేదీలన్నీ రష్యా పాత క్యాలెండరు ప్రకారమే రాస్తున్నాను.) సైన్యమంతా పారిపోతుంటే ప్రెయొబ్రజెన్‌స్కీ, సెమ్యోనొవ్‌స్కీ పటాలాలు రెండూ బండ్లను అడ్డంగా పేర్చుకుని చీకటి పడేదాకా కదలకుండా నిలబడ్డాయి. తర్వాత ఆ రెండు పటాలాల అధికారులు మెడకింద వేసుకునే పతకం మీద ఆ తేదీని చెక్కించారు. ఓడిపోయిన యుద్ధం తేదీని గౌరవ చిహ్నంగా ధరించడం నాకు ఎంతో నచ్చింది. మోకాళ్ల దాకా నెత్తుటిలో నిలిచినందుకు వాళ్లకు ఎర్ర మేజోళ్లు ఇచ్చారని ఒక కథ కూడా ఉంది. అది కథే కావచ్చు. కానీ ఒక పటాలం తన గురించి తాను ఏమని చెప్పుకుంటుందో అందులో ఉంది: మేము నిలబడ్డచోట నిలబడతాం.

నార్వా ఇప్పుడు ఎస్టోనియాలో ఉంది. నా దగ్గరున్న వీసాతో అక్కడికి వెళ్లలేను.

రెండో రోజు: ప్రెస్న్యా, ల్యూబెర్త్సీ

రెండు వందల ఏళ్లు ఒక్క గంతులో దాటాల్సి వచ్చింది. ఎందుకంటే ఈ పటాలం మాస్కోకు అన్నిటికంటే బాగా గుర్తున్నది పుట్టినందుకు కాదు, 1905 డిసెంబరులో తిరిగి వచ్చినందుకు.

మెట్రోలో దిగాల్సిన స్టేషన్ల పేర్లే పాఠం చెబుతాయి: 'బరికాద్‌నయా' అంటే అడ్డుగోడల స్టేషన్, ఆ తర్వాత 'ఉలిత్సా 1905 గోదా', 1905వ సంవత్సరం వీధి. ప్రెస్న్యా అనే ఈ పేటలోని మ్యూజియంలో ఆనాటి కార్మికుల పోరాటాన్ని చూపే పెద్ద డయోరమా ఉంది. దీపాలు ఆర్పి, వెలుగూ శబ్దమూ కలిపి చూపిస్తారు. మంచు వీధులు, బోర్లా పడేసిన ట్రాములు, తలుపులూ స్తంభాలూ పోగేసిన అడ్డుగోడలు, వెనుక మంటలు. నాతో పాటు ఒక బడి పిల్లల గుంపు కూడా చూసింది. వెలుగు వచ్చాక ఒక పిల్లవాడు టీచరును ఏదో అడిగాడు, ఆమె కాసేపు ఆలోచించి జవాబు చెప్పింది. నాకు భాష రాదు. కానీ ఆ ఆలోచించిన క్షణం నాకు బాగా తెలిసినదే.

ఆ డిసెంబరులో మాస్కో కార్మికులు సమ్మె చేసి తుపాకులు పట్టారు. నగరంలో ఉన్న సైన్యం మీద ప్రభుత్వానికి నమ్మకం లేకపోయింది. పీటర్స్‌బర్గు నుంచి మాస్కోకు వచ్చే రైలు మార్గం మాత్రం సమ్మెలో చేరలేదు. ఆ మార్గం మీదుగా డిసెంబరు 15న సెమ్యోనొవ్‌స్కీ పటాలం దిగింది. దాని అధిపతి కల్నల్ గియోర్గీ మిన్. ప్రెస్న్యా మీద ఫిరంగులు పేలాయి. ప్రొహొరొవ్ బట్టల మిల్లు ఆవరణలో పట్టుబడ్డవాళ్లను విచారణ లేకుండా కాల్చారు. మిల్లు భవనాలు ఇంకా ఉన్నాయి, ఎర్ర ఇటుకలతో, చూడచక్కగా. లోపల ఇప్పుడు ఆఫీసులు, కాఫీ దుకాణాలు. గేటు దగ్గర కాసేపు నిలబడి, లోపలికి వెళ్లబుద్ధి కాక తిరిగి వచ్చేశాను.

మధ్యాహ్నం కజాన్ స్టేషన్లో లోకల్ రైలు ఎక్కాను. పటాలంలో ఒక భాగాన్ని కల్నల్ నికొలాయ్ రీమన్ చేతికిచ్చి ఈ దారినే పంపించారు. పట్టుకున్నవాళ్లను బందీలుగా ఉంచుకోవద్దు, కనికరం చూపవద్దు అన్నది మిన్ ఇచ్చిన ఆజ్ఞ. సొర్తిరోవొచ్‌నయా, పెరోవొ, ల్యూబెర్త్సీ: ఒక్కో స్టేషన్లో దిగడం, జాబితా తీసి పేర్లు పిలవడం, కాల్చడం, మళ్లీ రైలెక్కడం. ఇవాళ నా ఎదురుగా కూర్చున్నవాళ్లు సంచుల్లో ఆపిల్ పళ్లు పెట్టుకుని తోటల నుంచి ఇళ్లకు పోతున్నవాళ్లు. రైలులో గుక్కతిప్పుకోకుండా ప్రకటనలు: తదుపరి స్టేషన్ పెరోవొ. తదుపరి స్టేషన్ ఉఖ్తోమ్‌స్కయా.

ఆ చివరి పేరు ఒక రైలు డ్రైవరుది. అలెక్సేయ్ ఉఖ్తోమ్‌స్కీ. తిరుగుబాటుదారులను ఎక్కించుకుని, మరఫిరంగుల కాల్పుల మధ్య బండిని పూర్తి వేగంతో నడిపి వాళ్లను నగరం దాటించాడు. ల్యూబెర్త్సీలో అతన్ని గుర్తుపట్టి డిసెంబరు 17న కాల్చారు. చంపినవాళ్ల పేరు నగరానికి తూర్పున ఒక మెట్రో స్టేషన్ మీద ఉంది, చనిపోయినవాడి పేరు ఇంకొంచెం దూరంలో ఈ స్టేషన్ మీద ఉంది. మధ్యలో పట్టుమని ఇరవై కిలోమీటర్లు కూడా లేవు.

ఈ పని చేసినందుకు మిన్‌ను మేజర్ జనరల్‌ను చేశారు. చక్రవర్తి రెండో నికొలస్ పటాలానికి కృతజ్ఞతలు చెప్పాడు.

రాత్రి గదిలో నిద్ర పట్టలేదు. నార్వాలో పారిపోకుండా నిలబడ్డవాళ్ల పటాలం, స్టేషన్ స్టేషన్‌కూ దిగి కాల్చినవాళ్ల పటాలం ఒకటే. నిలబడమంటే నిలబడ్డారు, కాల్చమంటే కాల్చారు. అయితే ఈ రెండింటి మధ్య 1820లో ఒక్కసారి, వాళ్లు మరోలా నడిచారు. నేను ఇంత దూరం వచ్చింది ఆ నడక కోసం.

మూడో రోజు: రైలు

మాస్కో నుంచి పీటర్స్‌బర్గుకు సుమారు 650 కిలోమీటర్లు. వేగంగా వెళ్లే 'సప్సాన్' రైలు నాలుగు గంటల్లో చేరుస్తుంది. 1905లో పటాలం వచ్చిన మార్గం ఇదే, నేను ఎదురు దిశలో వెళుతున్నాను. కిటికీ అవతల భూర్జ వృక్షాలు పసుపుపచ్చగా మారుతున్నాయి. స్టేషన్ల గోడల మీద సైన్యంలో చేరమని పిలిచే పెద్ద పెద్ద ప్రకటనలు. మన బ్యాంకు కార్డులు ఇక్కడ పనిచేయవు, నగదు వెంట ఉంచుకోవాలి. వెళ్లాలనుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు, మిగతా ప్రయాణం సుఖంగానే జరుగుతుంది.

స్టేషన్‌కు మా మేనకోడలు వచ్చింది. ఇక్కడ వైద్యం నాలుగో ఏడాది చదువుతోంది. "మామయ్యా, అందరూ రాజభవనాలు చూడటానికి వస్తారు. మీరు సైనికుల బారకులు చూస్తానంటారేమిటి?" అంది సామాను అందుకుంటూ. "రేపు నడుస్తూ చెబుతాను" అన్నాను.

నాలుగో రోజు: జాగొరొద్నీ ప్రాస్పెక్టు

వీతెబ్‌స్క్ స్టేషన్ ఎదురుగా ఒక చిన్న పార్కు ఉంది. బెంచీలు, పావురాలు, పిల్లల బండ్లు తోసుకుంటూ తల్లులు. సెమ్యోనొవ్‌స్కీ పటాలం చర్చి ఉన్న స్థలం ఇది. వాస్తుశిల్పి కాన్‌స్టంటైన్ టోన్ రూపకల్పనతో 1837 నుంచి 1842 దాకా కట్టిన ఐదు గుమ్మటాల వ్వెదెన్‌స్కీ చర్చి. 1933లో కూల్చేశారు. పాత ఫొటో ఒకటి ఫోనులో తెరిచి ఆకాశంలోకి పట్టుకుని, గుమ్మటాలు ఎంత ఎత్తున ఉండేవో అంచనా వేసుకున్నాం.

1740లలో ఫొంతాంకా నదికి అవతల పటాలానికి ఈ నేల ఇచ్చారు. దళానికొక సందు చొప్పున ఇళ్లు వేసుకున్నారు. ఆ సందులే ఇప్పటి వీధులు. 1857లో వాటికి మాస్కో చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పెట్టారు: రూజొవ్‌స్కయా, మొజాయ్‌స్కయా, వెరేయ్‌స్కయా, పొదోల్‌స్కయా, సెర్పుఖొవ్‌స్కయా, బ్రొన్నిత్‌స్కయా. మేము పేర్లు చదువుకుంటూ తడబడుతుంటే చేతికర్రతో నడుస్తున్న ఒక పెద్దావిడ ఆగింది. ఇక్కడి పిల్లలందరికీ వచ్చిన కిటుకు ఒకటి నేర్పింది. "రాజ్వె మోజ్‌న వేరిత్ పుస్తీమ్ స్లవామ్ బలెరీనీ?" నాట్యగత్తె చెప్పే వట్టి మాటలు నమ్మవచ్చునా, అని అర్థం. ర, మ, వ, ప, స, బ. ఒక్కో మాట మొదటి అక్షరమూ ఒక్కో వీధి. మా మేనకోడలు పెద్దావిడ ముందే మూడుసార్లు అప్పజెప్పింది. ఆవిడ సంతోషించి, తాను పుట్టింది మొజాయ్‌స్కయాలోనే అని చెప్పి వెళ్లింది.

ఎన్ని పుస్తకాలు చదివినా ఒక చోటును నడిచి చూసినప్పుడు తెలిసేది వేరు. ఈ వీధులు ఒకదానికొకటి సమాంతరంగా, దువ్వెన పళ్లలా ఉంటాయి. ఒక వీధిలో కేక వేస్తే పక్క వీధిలో వినిపిస్తుంది. ఒక దళాన్ని తీసుకుపోతే మిగిలిన దళాలకు క్షణాల్లో తెలిసిపోయేటంత దగ్గర.

వీధులు దాటి మైదానం వైపు వచ్చాం. ఇప్పుడు దాని పేరు పియొనేర్‌స్కయా చౌరస్తా. మధ్యలో 1962లో తెరిచిన బాలల నాటకశాల, ముందు కవి, రాయబారి గ్రిబొయేదొవ్ విగ్రహం. 1849 డిసెంబరు 22న ఈ నేల మీద 21 మందిని నిలబెట్టారు. నిషిద్ధ ఉత్తరాలు చదివారని, పెత్రషెవ్‌స్కీ ఇంట్లో శుక్రవారాల్లో కూడి మాట్లాడుకున్నారని నేరం. మరణశిక్ష చదివి వినిపించారు. తెల్లటి పొడవు అంగీలు తొడిగారు. మొదటి ముగ్గురిని గుంజలకు కట్టారు, తుపాకులు గురిపెట్టారు. దొస్తొయెవ్‌స్కీ రెండో ముగ్గురిలో ఉన్నాడు. అప్పుడు డప్పు మోగింది, శిక్ష తగ్గించినట్టు కాగితం చదివారు. అంతా ముందే రాసిపెట్టిన నాటకం. గుంజకు కట్టిన ముగ్గురిలో ఒకడైన గ్రిగొర్యెవ్‌కు మతి చలించింది, మళ్లీ కుదుటపడలేదు.

1881 ఏప్రిల్ 3న ఇక్కడే, చక్రవర్తి రెండో అలెగ్జాండర్‌ను చంపిన కేసులో సోఫియా పెరోవ్‌స్కయాతో సహా ఐదుగురిని ఉరితీశారు. ఈ నగరంలో జనం కళ్లముందు వేసిన చివరి ఉరి అది.

నాటకశాల నుంచి పిల్లలు బిలబిలమంటూ బయటికి వస్తున్నారు. పద్నాలుగేళ్లప్పటి ప్రశ్న గుర్తొచ్చింది. చాలాసేపు కూర్చున్నాం, ఏమీ మాట్లాడుకోలేదు.

సాయంత్రం మిహాయిలొవ్‌స్కీ కోట చూశాం. పాల్ చక్రవర్తి తన వాళ్లకే భయపడి కందకాల మధ్య కట్టించుకుని, అందులో నలభై రోజులే బతికాడు. 1801 మార్చి 11 రాత్రి కుట్రదారులు పడకగదిలో ఆయనను చంపినప్పుడు కోటకు కాపలా ఉన్నది సెమ్యోనొవ్‌స్కీ పటాలమే. దానికి గౌరవాధిపతి ఆయన కొడుకు అలెగ్జాండర్. తెల్లవారేసరికి ఆ కొడుకు చక్రవర్తి. అప్పటి నుంచీ ఆయనకు ఈ పటాలమంటే ప్రాణం. ఆ ప్రేమలో ఎంత అపరాధం కలిసి ఉందో ఆయనకే తెలియాలి.

ఐదో రోజు: బారకుల నుంచి కోట దాకా

ఉదయం ఎనిమిదింటికి రూజొవ్‌స్కయా మూల నుంచి బయలుదేరాం. పీటర్-పాల్ కోట దాకా సుమారు ఐదు కిలోమీటర్లు. వాహనం ఎక్కకూడదని నియమం పెట్టుకున్నాను.

గొరోఖొవయా వీధి పట్టుకుని నడుస్తూ, ఫొంతాంకా మీద ఉన్న వంతెన దగ్గర మొదలుపెట్టాను. ఆ వంతెన పేరు కూడా సెమ్యోనొవ్‌స్కీయే.

నెపోలియన్ యుద్ధాల నుంచి తిరిగి వచ్చిన పటాలం అది. 1813లో కూల్మ్ దగ్గర ఈ పటాలమూ, చక్రవర్తి రక్షక దళాల్లోని తక్కిన పటాలాలూ తమకంటే ఎంతో పెద్ద ఫ్రెంచి దళాన్ని రోజంతా ఆపాయి. వందలాది మంది నేలకూలారు. పారిస్ దాకా నడిచి వెనక్కి వచ్చారు. వాళ్ల అధికారుల్లో చాలామంది చదువుకున్న యువకులు. సైనికుల్ని కొట్టడం మానేశారు. వాళ్లతో మర్యాదగా మాట్లాడేవారు. కర్ర లేకుండానే కవాతు బాగా జరిగింది. పై అధికారులకు అదే మింగుడుపడలేదు. 1820 వసంతంలో పాత అధిపతి పొత్యోమ్కిన్‌ను తప్పించి ఫ్యొదొర్ ష్వార్ట్స్ అనే కల్నల్‌ను పెట్టారు, పటాలాన్ని 'బిగించడానికి'.

అతను రోజుకు పదేసి మందిని ఇంటికి పిలిపించుకుని గంటలకొద్దీ కవాతు చేయించేవాడు. పొరపాటు చేసినవాడి ముఖం మీద తోటి సైనికుల చేత ఉమ్మించేవాడు. ఐదు నెలల్లో 44 మందికి వేయించిన దెబ్బలు 14,000 పైచిలుకు. అందులో కూల్మ్‌లో గాయపడ్డవాళ్లూ, యుద్ధ పతకాలున్నవాళ్లూ ఉన్నారు. పతకం ఉన్న సైనికుడిని కొట్టకూడదన్నది నియమం.

"మరి అధికారులు ఊరుకున్నారా?" అంది మా మేనకోడలు.

"వాళ్లకు బాధగానే ఉంది. మొదట నోరు తెరిచింది మాత్రం సైనికులే."

అక్టోబరు 16 రాత్రి హాజరు పిలుపు అయ్యాక మొదటి దళం చెదిరిపోకుండా నడవాలో నిలబడిపోయింది. అది చక్రవర్తి పేరు మీద ఉన్న దళం. తమ కెప్టెన్ రావాలన్నారు. వచ్చాక, ష్వార్ట్స్ పెట్టే బాధలు తాళలేమని మనవి చేసుకున్నారు. అంతే. ఒక్కడు కూడా తుపాకీ ముట్టుకోలేదు. సైన్యంలో గుంపుగా మనవి చేయడమే తిరుగుబాటు. మరునాడు సాయంత్రం వాళ్లను కవాతుశాలకు పిలిపించారు. లోపల పావ్‌లొవ్‌స్కీ పటాలం వాళ్లు తుపాకులతో చుట్టుముట్టారు. అక్కడి నుంచి కోట జైలుకు తరలించారు.

సంగతి బారకులకు చేరింది. నిన్న మేము చూసిన ఆ దువ్వెన పళ్ల వీధుల్లో అర్ధరాత్రి దళాలన్నీ బయటికొచ్చాయి. కొందరు ష్వార్ట్స్ కోసం వెతికారు, దొరకలేదు. మిగతావాళ్లు మైదానంలో వరస కట్టి ఒకటే మాట అన్నారు: మొదటి దళాన్ని మాకు తెచ్చివ్వండి, లేదా మమ్మల్నీ వాళ్ల దగ్గరికి పంపండి. జనరల్స్ వచ్చారు, బతిమాలారు, బెదిరించారు. తెల్లవారాక రక్షక దళాల అధిపతి వసీల్చికొవ్ వచ్చి, అలాగైతే మీరూ కోటకు వెళ్లండి అన్నాడు. వెళ్లారు. పటాలం మొత్తం, ఆయుధాలు లేకుండా, వరస తప్పకుండా, నగరం మధ్యలోంచి నడిచి తమంతట తాము జైలుకు వెళ్లింది. దారిలో జనం అడిగిన ప్రశ్నలూ వాళ్లు చెప్పిన జవాబులూ ఆనాటివాళ్లు గుర్తుపెట్టుకున్నారు. ఎక్కడికి? కోటకు. ఎందుకు? ఖైదుకు. ఏం చేశారని? ష్వార్ట్స్ కోసం.

నేను ఈ మాటలు చెప్పేసరికి నీవా నది మీద త్రోయిత్‌స్కీ వంతెన ఎక్కాం. గాలి ఈడ్చి కొడుతోంది. ఎదురుగా పీటర్-పాల్ చర్చి బంగారు శిఖరం, నూట ఇరవై రెండు మీటర్ల ఎత్తున. ఆ సైనికుల్లో దాదాపు అందరూ చదువు రాని రైతు బిడ్డలు. పాతికేళ్ల కొలువుకు ఊరి నుంచి తెచ్చినవాళ్లు. వాళ్లు ఏ సిద్ధాంతమూ చదవలేదు. తోటివాడిని ఒంటరిగా వదలకూడదన్న ఒక్క సంగతి తెలుసు, అది యుద్ధంలో నేర్చుకున్నదే. నార్వాలో బండ్ల వెనుక నిలబడినట్టే ఇప్పుడూ నిలబడ్డారు, ఈసారి ఆజ్ఞ లేకుండా. నాకు తెలిసిన సైనిక చరిత్రలో దీనికి సాటి వచ్చే కవాతు మరొకటి లేదు.

అలెగ్జాండర్ అప్పుడు త్రొప్పౌ నగరంలో ఐరోపా రాజుల సమావేశంలో ఉన్నాడు. విప్లవాలను ఎలా అణచాలో మాట్లాడుకునే సమావేశం అది. కబురు మోసుకెళ్లిన దూత పెతర్ చాదాయెవ్, వసీల్చికొవ్ అనుచరుడు, తానూ ఒకప్పుడు సెమ్యోనొవ్‌స్కీ పటాలం వాడే. తిరిగి వచ్చిన కొద్ది కాలానికే కొలువు వదిలేసి, తర్వాత రష్యాలో పేరున్న తాత్వికుడయ్యాడు. చక్రవర్తి నవంబరు 2న తన ప్రాణమైన పటాలాన్ని రద్దు చేశాడు. సైనికుల్ని తలో దిక్కుకూ పంచేశారు. ముఖ్యులుగా లెక్కించినవాళ్లను వరసగా నిలబెట్టిన వెయ్యి మంది కర్రల మధ్య నుంచి ఆరుసార్లు నడిపించి, గనులకు పంపారు. ష్వార్ట్స్‌కు మరణశిక్ష రాసి, ఉద్యోగం తీసేసి సరిపెట్టారు. వేరే పటాలాల నుంచి మనుషుల్ని తెచ్చి అదే పేరుతో కొత్త పటాలం నిలబెట్టారు.

కోట చుట్టూ తిరిగి క్రోన్‌వెర్క్ గట్టు మీదికి వెళ్లాం. అక్కడ ఒక రాతి స్తంభం ఉంది. 1826 జులై 13న ఐదుగురు డిసెంబరిస్టులను, అంటే 1825 డిసెంబరులో చక్రవర్తి మీద తిరగబడ్డవాళ్లను, ఉరితీసిన చోటు. వాళ్లలో ఇద్దరు, సెర్గేయ్ మురావ్యోవ్-అపోస్తల్, మిహాయీల్ బెస్తూజెవ్-ర్యూమిన్, 1820 తర్వాత ఉక్రెయిన్‌లోని మామూలు పటాలాలకు తోసేసిన సెమ్యోనొవ్‌స్కీ పటాలం వాళ్లు. అక్కడి నుంచే వాళ్లు చెర్నీగొవ్ పటాలాన్ని తిరుగుబాటుకు నడిపించారు. ఉరితీసేటప్పుడు ముగ్గురి తాళ్లు తెగాయి. మళ్లీ ఎక్కించారు. 1825 డిసెంబరు 14న సెనేట్ చౌకులో తిరుగుబాటుదారుల ఎదుట, ప్రభుత్వం వైపు నిలబడ్డవాళ్లలో కొత్త సెమ్యోనొవ్‌స్కీ పటాలం ఉంది.

"అయితే మామయ్యా, ల్యూబెర్త్సీలో కాల్చింది కొత్త పటాలమన్నమాట."

అలా అనుకుంటే నాకూ తేలిగ్గానే ఉండేది. కానీ కొత్త పటాలమూ అదే చర్చిలో మొక్కింది, మెడలో అదే నార్వా తేదీ వేసుకుంది. మధ్యాహ్నం ఫిరంగి పేలింది, రోజూ పన్నెండింటికి కోట బురుజు మీద పేల్చేదే. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

ఆరో రోజు: వాన

రోజంతా వాన. అలెగ్జాండర్ నెవ్‌స్కీ మఠంలో సువోరొవ్ సమాధి చూశాను. 'ఇక్కడ సువోరొవ్ ఉన్నాడు' అని మాత్రమే రాసి ఉంది. యుద్ధాల్లో ఓటమి ఎరుగని ఆ సేనాని కొలువు మొదలుపెట్టింది 1748లో, సెమ్యోనొవ్‌స్కీ పటాలంలో కార్పొరల్ అనే చిన్న హోదాలో.

నెవ్‌స్కీ వీధి మొయికా నదిని దాటేచోట ఆగాను. 1905 జనవరి 9న, నెత్తుటి ఆదివారం నాడు, రీమన్ తన సైనికుల చేత జనం మీద కాల్పులు జరిపించింది ఈ వంతెన దగ్గరే. అంటే డిసెంబరులో మాస్కో రైలెక్కేనాటికి అతనికి ఆ పని కొత్త కాదు.

ఇతాల్యాన్‌స్కయా వీధికి సోవియట్ కాలంలో రాకొవ్ వీధి అని పేరు. విప్లవం తర్వాత పటాలం పేరు మారి ఎర్ర సైన్యంలో చేరింది. 1919 మే నెలలో వీరా గ్రామం దగ్గర తిరుగుబాటు చేసి, విప్లవాన్ని ఎదిరిస్తున్న శ్వేత సైన్యం వైపు వెళ్లిపోయింది. ఆ రోజు చనిపోయిన కమిస్సారు రాకొవ్. దాంతో పటాలం కథ ముగిసింది. ఇదే పటాలంలో 1914లో చేరిన యువ అధికారి తుఖాచెవ్‌స్కీ మాత్రం ఎర్ర సైన్యంలో మార్షల్ అయ్యాడు. 1937లో స్టాలిన్ కాల్పించాడు. 2013లో మాస్కోలోని ఒక సైనిక దళానికి సెమ్యోనొవ్‌స్కీ పేరు తిరిగి పెట్టారు.

ఏడో రోజు: నీవా పుట్టేచోట

ల్యాడొగా సరస్సు నుంచి నీవా బయటపడేచోట ఒక చిన్న దీవి. దాని మీద అంచు నుంచి అంచు దాకా కోట. రష్యన్లు 'ఒరెషెక్' అంటారు, చిన్న గింజకాయ అని. స్వీడన్ వాళ్లకు నోటెబోర్గ్. బస్సులో ష్లిస్సెల్‌బుర్గ్ ఊరు చేరి, అక్కడ పడవ ఎక్కాం. నీళ్లు ఉక్కు రంగులో ఉన్నాయి.

1702 అక్టోబరు 11న పీటర్ సైనికులు ఈ గోడలెక్కారు. నిచ్చెనలు పొట్టివయ్యాయి. గోడకూ నీటికీ మధ్య ఇరుకు నేల, పైనుంచి గుళ్లు. వెనక్కి రమ్మని పీటర్ కబురు పంపాడట. సెమ్యోనొవ్‌స్కీ దళానికి ముందున్న మిహాయీల్ గొలీత్సిన్, 'ఇప్పుడు నేను నీవాడిని కాదు, దేవుడివాడిని' అని జవాబు పంపి, వెనక్కి పోవడానికి ఉన్న పడవల్ని నదిలోకి తోయించాడని చెబుతారు. పదమూడు గంటల పోరాటం తర్వాత కోట లొంగింది. గింజ చాలా గట్టిది, అయినా కొరికేశాం అని పీటర్ ఉత్తరం రాశాడు. ఆనాడు చనిపోయినవాళ్ల ఉమ్మడి సమాధి లోపల ఉంది. ప్రెయొబ్రజెన్‌స్కీ, సెమ్యోనొవ్‌స్కీ అన్న రెండు పేర్లను మా మేనకోడలు వేలితో చూపిస్తూ చదివింది.

తర్వాతి రెండు శతాబ్దాలు ఈ కోట జైలు. లెనిన్ అన్న అలెగ్జాండర్ ఉల్యానొవ్‌ను 1887లో ఇక్కడే ఉరితీశారు. నేను వెతుక్కుంటూ వచ్చింది మరొకరి కోసం.

1906 ఆగస్టు 13న పీటర్‌హోఫ్ స్టేషన్లో జినయీద కొనొప్ల్యాన్నికొవా అనే పల్లెటూరి బడిపంతులమ్మ, ల్యూబెర్త్సీ ఆజ్ఞ ఇచ్చిన జనరల్ మిన్‌ను తుపాకీతో కాల్చి చంపింది. భార్యా కూతురూ చూస్తుండగానే. పారిపోలేదు. ఆ నెల 29న ఈ గోడల మధ్య ఆమెను ఉరితీశారు. సెమ్యోనొవ్‌స్కీ పటాలం ప్రాణాలిచ్చి గెలిచిన గోడలు, సెమ్యోనొవ్‌స్కీ పటాలం అధిపతిని చంపినందుకు ఉరికొయ్య నిలిపిన గోడలు ఇవే.

ఉరికొయ్య దగ్గరికి నడుస్తూ ఆమె పుష్కిన్ పాదాలు చదివిందని చెబుతారు. మిత్రమా నమ్ము అంటూ మొదలయ్యేవి, రష్యా నిద్ర లేస్తుందనే ఆశతో రాసినవి. ఆ కవిత ఎవరిని ఉద్దేశించి రాసిందో చెబితే మా మేనకోడలు నడక ఆపేసింది.

"చాదాయెవ్ అంటే... మొన్న వంతెన మీద చెప్పారు, పటాలం తిరుగుబాటు కబురు మోసుకెళ్లిన ఆయనేనా?"

"ఆయనే."

ఆమె ఫోనులో ఆ కవిత వెతికి పట్టుకుంది. గోడ నీడలో నిలబడి, మెల్లగా, రష్యన్‌లో చదవడం మొదలుపెట్టింది. నాకు అర్థమయ్యేది కొన్ని మాటలే. రేవులో పడవ హారన్ మోగించింది. ఆమె చదువుతూనే ఉంది.